గోరుకు తగిలిన గాడి

ఈ ఉదయం కనిగిరి వైపు నుంచి ఒకాయన చెట్లు కోసే మిషను తెచ్చి బల్ల మీద పెట్టాడు. నట్లు విప్పి పక్కమూత తీయగానే లోపల పేరుకున్న పొట్టు వాసన గుప్పుమంది. పచ్చి వేప పొట్టు, అందులో ఇంకిన నూనె. చేతిలో స్పానరు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. మౌలాలి గారుంటే ఆ పొట్టును చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "వేపండీ. ఇంటి ముందు చెట్టే కొట్టేశారా?" అని అడిగేవారు. సుబాబుల్ అయితే పచ్చి చిక్కుడు గింజ వాసన అనీ, జామాయిల్ అయితే జలుబు మందు వాసన అనీ ఆయనకు లెక్కలుండేవి. వచ్చినవాడు తన కష్టం చెప్పుకోకముందే అతను ఏ తోటలోంచి వస్తున్నాడో ఆయనకు తెలిసిపోయేది. నేనూ చిటికెడు తీసి వాసన చూశాను. వేపే. "వేప, బాబాయ్" అని చెప్పాలనిపించింది. పక్కకు తిరిగితే ఆయన కూర్చునే చోట నూనె డబ్బాలున్నాయి.

ఆయన్ని చూడనివారికి ఏం చెబితే తెలుస్తారో నాకు తెలియదు. సన్నగా, కొంచెం ముందుకు వంగిన మనిషి. ఒంగోలు చివర లారీ షెడ్ల వరసలో ఆఖరి గది ఆయన దుకాణం. పత్తి చేలకు మందు కొట్టే స్ప్రేయర్లు, చిన్న నీటి ఇంజన్లు, కోత మిషన్లు, మనిషి చేతులతో ఎత్తగలిగిన ఇంజను ఏదైనా బాగుచేసేవారు. కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టుకుని ఏళ్ళ తరబడి అదే పెట్టుకున్నారు. కాని ఎవరి మిషనుకైనా దారం కట్టి పంపించిన రోజు లేదు. కోపం వచ్చినా గొంతు పెంచేవారు కాదు. మాట మరింత నెమ్మదిగా వచ్చేది. ఆ నెమ్మదికే నాకు భయం.

ఆయన దగ్గరకు నేను పని నేర్చుకోవడానికి వెళ్ళలేదు, మిషను అమ్మడానికి వెళ్ళాను. మా ఆయన యేసుపాదం సుబాబుల్ తోటల్లో కోతకు పోయేవాడు. ఒకరోజు పక్కవాడు కోసిన చెట్టు అనుకున్న వైపు పడకుండా ఇటు ఒరిగి ఆయన నడుం మీద పడింది. ప్రాణం దక్కింది. నెలల తర్వాత కర్ర ఊతంతో నడవగలిగాడు గాని బరువు ఎత్తే పని ఇక లేదన్నారు డాక్టర్లు. అప్పటికి నేను మిరప కళ్ళాల్లో తొడిమలు తీసే పనికి వెళ్తున్నాను. ఆ పని చేసినవాళ్ళకు తెలుసు, సాయంత్రం ఎన్నిసార్లు చేతులు కడిగినా మంట పోదు. నిద్రలో చెయ్యి పొరపాటున కంటికి తగిలితే లేచి కూర్చోవలసిందే. ఇంట్లో మూలనున్న మిషను వైపు చూపు పోయినప్పుడల్లా మా ఆయన మొహం తిప్పుకునేవాడు. అది ఇంట్లో ఉండకూడదనిపించింది. గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కాను.

"కొంటారా అండీ?" అని అడిగాను.

మౌలాలి గారు సంచి విప్పి చూశారు. "ఎందుకమ్మా అమ్మడం?"

"పాడైపోయిందండీ. ఎన్ని కొత్త చైన్లు వేసినా నిలబడట్లేదని మా ఆయన అనేవాడు. ఇప్పుడు ఆయనా పనికి పోలేడు."

మౌలాలి గారి కుడి మణికట్టుకు ఆ రోజు గుడ్డ కట్టు ఉంది, బెణికిందట. ఎడమచేత్తో మూత విప్పి, ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి ఇంజను లోపలికి మూరెడు తాడు దూర్చారు. ఇంజను తిరగకుండా ఆ తాడు ఆపుతుందన్నారు. తర్వాత స్పానరు నా చేతికిచ్చి, "నా చెయ్యి బాగాలేదు, ఈ క్లచ్చు విప్పు" అన్నారు. ఏ నట్టయినా విప్పేటట్టే ఎడమ వైపుకు తిప్పాను. కదల్లేదు. ఇంకా బలంగా తిప్పబోయి ఆగాను. ఇనుము మీద చిన్న బాణం గుర్తు కనిపించింది, అది కుడి వైపుకు చూపిస్తోంది. "ఇటు తిప్పమంటుందండీ ఇది" అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "మగవాళ్ళు చాలామంది దీన్ని విరగ్గొట్టి నా దగ్గరకు తెస్తారు. ఎవరూ బాణం చూడరు" అన్నారు.

క్లచ్చు వచ్చాక దాని వెనకున్న డ్రమ్ము తీసి గుడ్డతో తుడిచి నాకిచ్చారు. దోసిట్లో పట్టే చిన్న గిన్నెలాంటిది, దాని వెనక అతికినట్టు ఒక పళ్ళ చక్రం. దాన్ని స్ప్రాకెట్ అంటారనీ, ఇంజను జోరుగా తిరిగితే క్లచ్చు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటుందనీ, డ్రమ్ముతో పాటు తిరిగే ఈ చక్రమే చైనును లాగుతుందనీ చెప్పారు. "ఆ పళ్ళ మీద గోరు నడిపించు" అన్నారు. నడిపించాను. ఒకచోట గోరు ఆగింది. "ఇక్కడ ఏదో గాడిలా ఉందండీ."

"తర్వాతి పన్ను?"

అక్కడా ఆగింది. ఏడు పళ్ళకూ ఏడు గాళ్ళు. ఆయన పెట్టెలోంచి కొత్త చక్రం తీసి ఇచ్చారు. దాని మీద గోరు గాజు మీద జారినట్టు జారిపోయింది.

"అదీ సంగతి. రెండు చైన్లు అరిగేలోపు ఈ చక్రం కూడా మార్చాలి. ఈ గాళ్ళలో కొత్త చైను వేస్తే అది కూడా అట్టానే అరుగుద్ది. మీ ఆయన చైన్లు మారుస్తానే పోయాడు. అరిగింది పైకి కనపడదుగా, పాపం." నా వేళ్ళ వైపు చూసి, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగారు.

"మిరప తొడిమలు తీస్తానండీ."

"అందుకే గోరుకు తెలిసింది" అన్నారు. "కొనే సంగతి తర్వాత చూద్దాం. రేపు రా."

ఇంట్లో చెబితే మా ఆయన ఒప్పుకోలేదు. మిషన్లు విప్పేది ఆడమనిషా అని ఊళ్ళో నవ్వుతారన్నాడు. నవ్వుతారన్న మాట నిజమే, తర్వాత ఆదివారం చర్చి బయట నవ్వారు కూడా. కాని అసలు బాధ అది కాదని నాకు తెలుసు. తను పట్టుకోలేని మిషను నేను పట్టుకోవడం. రెండ్రోజుల తర్వాత మౌలాలి గారు మోపెడ్ మీద మా ఇంటికే వచ్చారు. నా పని ఊసే ఎత్తలేదు. మంచం పక్కన కూర్చుని మా ఆయన్ని అడిగారు, "కోసేటప్పుడు నీ మిషను చేతిలో ఎట్టా ఉండేది? జారినట్టుండేదా, కుదిపినట్టుండేదా?" మా ఆయన ముందు ఒక్క మాటతో సరిపెట్టాడు. తర్వాత చెయ్యి పైకెత్తి ఎలా కుదిపేదో చూపించాడు. ఏ చెట్టుకు ఎక్కువ కుదిపేది, ఎండు కర్రకు ఎలా, పచ్చి కర్రకు ఎలా అని చెబుతూ పోయాడు. దెబ్బ తగిలాక ఆయన అంతసేపు మాట్లాడడం నేను వినలేదు. మౌలాలి గారు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. ఆయన వెళ్ళిపోయాక మా ఆయన గోడవైపు తిరిగి పడుకుని, "రేపు ఎన్ని గంటల బస్సు?" అన్నాడు.

అలా మొదలైంది. ఏడేళ్ళు ఆయన పక్క బల్ల మీద పనిచేశాను. మొదట్లో "అండీ" అనేదాన్ని, ఎప్పుడో "బాబాయ్" అయింది. ఆయన నేర్పే పద్ధతిలో ఉపన్యాసం ఉండేది కాదు. పాత ముక్క ఒక చేతిలో, కొత్త ముక్క ఒక చేతిలో పెట్టి కళ్ళు మూసుకోమనేవారు. డ్రమ్ము వేడెక్కి నీలం రంగుకు తిరిగిందా, దాని కింది బేరింగులో గ్రీజు ఎండిపోయిందా, చైను లోపలి ముక్కల అడుగు మొద్దుబారిందా, ఇవన్నీ వేళ్ళతోనే నేర్చుకున్నాను. ముక్క మార్చడం వచ్చాక ఇక పని వచ్చేసిందనుకున్నాను. ఆయన మాత్రం ప్రతిసారీ, "మార్చావు సరే. ఎందుకు అరిగింది?" అని అడిగేవారు. చైను బిగువు ఎక్కువైందనో, నూనె అందలేదనో చెప్పగలిగితేనే మూత బిగించనిచ్చేవారు. ఆ ప్రశ్న అంటే నాకు విసుగు. ఒక శుక్రవారం ఆ విసుగు ఏం చేయగలదో చూశాను.

ఆయన నమాజుకు వెళ్ళారు. పోలయ్య అని, కొత్తపట్నం దగ్గర సరుగుడు తోటలు కోసే ఆయన మిషను తెచ్చాడు. చెయ్యి తీసినా చైను ఆగట్లేదు, తిరుగుతానే ఉంటుందన్నాడు. బస్సు టైమవుతోందని తొందరపెట్టాడు. మూత తీసి పొట్టు దులిపాను. ఇంజను వేగం తగ్గించే మర కొంచెం తిప్పాను. చైను ఆగింది. పోలయ్య సంతోషంగా తీసుకుపోయాడు. అరగంటకు మౌలాలి గారు వచ్చి విషయం విని, "ఎందుకు తిరిగిందట?" అన్నారు.

"వేగం ఎక్కువుంది బాబాయ్. తగ్గించాను."

"స్ప్రింగులు చూశావా?"

ఆయన నేను దులిపిన పొట్టును కాగితం మీదకు ఎత్తి, వేలితో అటూ ఇటూ చేశారు. అందులోంచి బియ్యపు గింజంత తీగ ముక్క తీసి నా ముందు పెట్టారు. కొక్కెంలా వంగి ఉంది. క్లచ్చును వెనక్కి లాగి పట్టుకునే స్ప్రింగు కొస. ఒకటి విరిగిందంటే మిగతావి ఎంతసేపో నిలవవు. ఇంజను వేడెక్కగానే క్లచ్చు డ్రమ్మును పట్టుకుంటుంది, చెయ్యి తీసినా చైను తిరుగుతూనే ఉంటుంది. పోలయ్య ఆగిపోయిందని నమ్మి దాన్ని ఒంటికి ఆనించుకుని నడుస్తాడు.

ఫోను చేశాం. మోగుతోంది గాని ఎత్తడం లేదు. మిషను చప్పుడులో వినపడదు. మౌలాలి గారు దుకాణం మూసి మోపెడ్ తీశారు. వెనక కూర్చున్నాను. దారి పొడుగునా ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను, మాటలు మాత్రం కుదరలేదు. పోలయ్య ఇంట్లో అడిగి తోట చేరుకునేసరికి ఇసుకలో బండి దిగబడింది. దాన్ని అక్కడే పడేసి నడిచాం. సముద్రం హోరులోంచి మిషను చప్పుడు వినిపించింది. చెట్ల మధ్య నుంచి చూస్తే పోలయ్య వీపు కనిపించింది. మిషను కుడి తొడ పక్కన వేలాడేసుకుని, కోసి పడేసిన మొద్దులు దాటుకుంటూ ఇంకో చెట్టు దగ్గరకు పోతున్నాడు. ట్రిగ్గరు మీద వేలు లేదు. చైను తిరుగుతోంది.

నేను పరుగెత్తబోయాను. మౌలాలి గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "వెనక నుంచి పోబాక. ఉలిక్కిపడి తిరుగుతాడు." తోట అంచు వెంట చుట్టు తిరిగి అతని ఎదుటకు రావడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? రెండు నిమిషాలేమో. ఆ వయసులో ఆయన ఇసుకలో అంత వేగంగా నడవగలరని నాకు తెలియదు. ఎదురుగా, దూరంగా నిలబడి రెండు చేతులూ పైకెత్తారు. పోలయ్య చూసి నవ్వి మిషను ఆపాడు.

"ఏంది సాయిబు గారూ, ఇంత దూరం వచ్చారు?"

"నా పనిలో తప్పు జరిగింది పోలయ్యా. స్ప్రింగు విరిగింది, చూసుకోలేదు. మిషను ఇటివ్వు."

నేను అతని లుంగీ వైపు చూస్తున్నాను. కుడి మోకాలికి జానెడు పైన బెత్తెడు పొడుగున గుడ్డ విడిపోయి ఉంది. "ఇదేంది అన్నా?" అన్నాను.

"ఏదో కొమ్మ తగిలుంటదిలే."

మౌలాలి గారు ఆ అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూశారు. "కొమ్మ తగిలితే గుడ్డ చినుగుద్ది. ఇది తెగింది" అన్నారు. పోలయ్య ఒక క్షణం లుంగీ వంకా, మిషను వంకా చూసి, అక్కడే ఒక మొద్దు మీద కూర్చుండిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఒంగోలు పొలిమేరల్లో అడిగాను, తప్పు నాదైతే తనదని ఎందుకు చెప్పారని. "అతని ఎదురుగా నీ తప్పంటే ఇంకెప్పుడూ నీ చేతికి మిషను ఇవ్వడు. నాకు పర్లేదు, నా చేతికి ఇస్తాడు" అన్నారు. దుకాణం తలుపు తీశాక, "ఇప్పుడు నేను నీకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఏమన్నా ఉందా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే ఆ స్ప్రేయరు చూడు, సాయంత్రానికి ఇస్తామన్నాం" అన్నారు. ఆ తర్వాత ఆ సంగతి నాతో గాని, ఇంకెవరితో గాని ఎత్తలేదు. ఆ రోజు నుంచి ఎందుకు అరిగిందో తెలియకుండా నేను మూత బిగించలేదు.

ఆయనకు షుగర్ ఉందని తెలుసు. వేళ్ళ సంగతి తెలియదు. చిన్న వాషర్లు చేతిలోంచి జారిపోతుంటే కళ్ళు ఆనడం లేదేమో అనుకున్నాను. ఒకసారి వేడి పొగగొట్టం మీద వేలు ఆనించి మాట్లాడుతూనే ఉన్నారు. నేను కేకేస్తే తీశారు. బొబ్బ చూసి తనే ఆశ్చర్యపోయినట్టు నవ్వారు. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

ఒకరోజు కోత మనుషుల్ని పెట్టి పని చేయించే మేస్త్రీ ఒకాయన వచ్చాడు, చాలాకాలంగా తెలిసినవాడు. మౌలాలి గారు డ్రమ్ము తీసి స్ప్రాకెట్ మీద గోరు నడిపించి, "బాగానే ఉంది. ఇంకో చైను నడుస్తుంది" అని బిగించమని నాకిచ్చారు. అలవాటు కొద్దీ నేనూ గోరు నడిపించాను. ఆగింది. గాళ్ళు బాగా లోతున్నాయి. ఆలోచించలేదు. నాలిక మీదకు వచ్చింది అనేశాను. "లేదు బాబాయ్, మార్చాలి. బాగా అరిగిపోయింది."

మేస్త్రీ నవ్వాడు. "ఏంది సాయిబు గారూ, మీకన్నా మీ శిష్యురాలే నయంగా ఉంది." అందులో చెడు లేదు, ఊరికే అన్నాడు.

మౌలాలి గారు చెయ్యి చాపి చక్రం తీసుకున్నారు. ఒక్కొక్క పన్ను మీదా గోరు పెట్టి చూశారు. ఇంకో వేలు మార్చి చూశారు. తర్వాత గుడ్డతో తుడిచి, దాన్ని కింది పెదవికి ఆనించుకుని మెల్లగా తిప్పారు. "అవును, మార్చు" అని నాకిచ్చి, చేతులు కడుక్కుని, టోపీ సర్దుకుని, ఇంకా మధ్యాహ్నం కాకముందే ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మూడోరోజు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య జాన్‌బీ పిన్ని టీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. "వేళ్ళకు ఎప్పటి నుంచి తెలియట్లేదు బాబాయ్?" అని అడిగాను.

"ఏడాది అయి ఉంటది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నేను చూసిన ప్రతి మిషనూ నువ్వు మళ్ళీ విప్పి చూస్తావుగా." కాసేపు అరచేతుల్లోకి చూసుకున్నారు. "నువ్వు అన్నది నిజమే అమ్మాయ్. అనకుండా బిగిస్తే అది తప్పు. రేపటి నుంచి దుకాణం నువ్వే తెరువు. నేను వీలున్నప్పుడు వస్తా."

క్షమించమని అడగాలనే వెళ్ళాను. అన్న మాటకు కాదు, మేస్త్రీ ఎదురుగా అన్నందుకు. కాని ఆ ఊసెత్తితే మళ్ళీ ఆ గంటలో ఆయన్ని కూర్చోబెట్టినట్టవుతుందని నోరు రాలేదు. టీ తాగి వచ్చేశాను. తర్వాత ఆయన అప్పుడప్పుడూ వచ్చారు. బల్ల దగ్గరకు కాదు, గుమ్మం పక్క కుర్చీలోకి. నేను అడిగితే సమాధానం చెప్పేవారు. ముక్క చేతికిస్తే మాత్రం తీసుకోకుండా, "నువ్వు చూశావుగా" అనేవారు. ఎన్నిసార్లు ఇచ్చి చూశానో. ఒక్కసారి తీసుకుంటే చాలనుకునేదాన్ని. పోయిన చలికాలంలో గుండె ఆగి పోయారు. ఖననానికి మగవాళ్ళే వెళ్ళారు. మేం ఆడవాళ్ళం గుమ్మం దగ్గర ఆగిపోయాం. జాన్‌బీ పిన్ని చెయ్యి నా చేతిలో ఉంది. ఆ రోజు మేస్త్రీ ఎదుట జరిగింది ఆమెకు తెలుసో లేదో నేను ఇప్పటికీ అడగలేదు.

ఇప్పుడు మా ఆయన నాతో పాటే దుకాణానికి వస్తాడు. కూర్చుని చేసే పని కాబట్టి చైన్లకు ఆకురాయితో పదును పెడతాడు. నాకంటే బాగా చేస్తాడు. మొన్న ఒక మిషనుకు చైను తిరగేసి ఎక్కించాడు, పళ్ళు వెనక్కి చూస్తున్నాయి. మిషను తాలూకు మనిషి బల్లకు ఆనుకుని చూస్తున్నాడు. నేను ఆ మనిషితో, "ఇంకో పది నిమిషాలు పడుతుందన్నా, ఎదురుగా టీ బాగుంటుంది, తాగి రండి" అన్నాను. అతను రోడ్డు దాటాక చెప్పాను. మా ఆయన చైను విప్పుతూ, "ఇంత చిన్నదానికి అతన్ని టీకి పంపాలా?" అన్నాడు.

దుకాణంలో పని లేనప్పుడు ఆ రోజును ఎన్నోసార్లు మొదటి నుంచి నడిపించి చూసుకుంటాను. ఆయన చక్రం నా చేతికిస్తారు. నా గోరు ఆగుతుంది. చెప్పకుండా ఉండను, ఆయన నాకు అది నేర్పలేదు. మాట అదే, "మార్చాలి బాబాయ్." కాకపోతే ముందు మేస్త్రీని టీకి పంపిస్తాను.